కుంచెకాళ్ల సీతాకోకచిలుకలు: మిగతా రెండు కాళ్లు ఎక్కడ?

పువ్వు మీద వాలిన సీతాకోకచిలుకను ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి, తర్వాత స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే చాలామందికి ఒక అనుమానం వస్తుంది. కాళ్లు లెక్కపెడితే నాలుగే ఉంటాయి. కీటకాలకు ఆరు కాళ్లని చిన్నప్పుడే చదువుకున్నాం కదా. మరి దీనికి రెండు ఊడిపోయాయా? ఏ పక్షి అయినా పొడిచిందా? ఇంకోదాన్ని ఫొటో తీస్తే దానికీ నాలుగే.

ఇంకో తికమక పుస్తకాల దగ్గర వస్తుంది. నారింజ రంగు రెక్కల ప్లెయిన్ టైగర్ గురించి పాత పుస్తకంలో వెతికితే అది 'డనాయిడే' కుటుంబం అని ఉంటుంది. కొత్త పుస్తకం తీస్తే 'నింఫాలిడే' కుటుంబం, 'డనాయినే' ఉపకుటుంబం అంటుంది. రెండూ నిపుణులు రాసినవే. ఏది నమ్మాలి?

ఈ రెండు ప్రశ్నలూ ఒకే ముడికి రెండు కొసలు. ఆ కాళ్ల సంగతి తెలిస్తే పేర్ల సంగతి కూడా సగం తెలిసినట్టే.

ఛాతీకి ముడుచుకున్న ఆ రెండు కాళ్లు

ముందు కాళ్ల లెక్క తేల్చుకుందాం. సీతాకోకచిలుక ఛాతీలో మూడు ఖండాలుంటాయి, ఒక్కో ఖండానికి ఒక జత కాళ్లు. మామూలుగా ప్రతి కాలి చివర టార్సస్ అనే పాదం ఉంటుంది. అందులో అయిదు చిన్న చిన్న ముక్కలు, ఆఖరి ముక్కకు గోళ్లు. ఆ గోళ్లతోనే అది రేకునో ఆకునో పట్టుకుని నిలబడుతుంది.

నింఫాలిడే కుటుంబంలో ముందు జత వేరుగా ఉంటుంది. పొట్టిగా ఉండి, తల కింద ఛాతీకి అతుక్కున్నట్టు ముడుచుకుని ఉంటుంది. గోళ్లు ఉండవు. నడవడానికీ, నిలబడడానికీ పనికిరాదు. మగవాటిలో పాదం ముక్కలు కలిసిపోయి ఒకటో రెండో మిగులుతాయి. వాటి చుట్టూ పొడుగాటి వెంట్రుకలు గుబురుగా పెరిగి, కాలు చిన్న పెయింటింగ్ కుంచెలా తయారవుతుంది. కుంచెకాళ్ల సీతాకోకచిలుకలు అనే పేరు అందుకే వచ్చింది. నాలుగు కాళ్ల సీతాకోకచిలుకలు అని కూడా అంటారు కానీ ఆ పేరు కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. కాళ్లు ఆరూ ఉన్నాయి. నడిచేవి నాలుగు, అంతే.

ఆడవాటి ముందుకాళ్లు ఇంకా ఆసక్తికరం. వాటికి కుంచెలాంటి వెంట్రుకలు అంతగా ఉండవు, పాదం ముక్కలు చాలావరకు మిగిలే ఉంటాయి. గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటున్న ఆడ సీతాకోకచిలుకను ఒకసారి ఓపిగ్గా గమనించండి. ఒక ఆకు మీద వాలుతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, లేచి ఇంకో ఆకు మీద వాలుతుంది. తటపటాయిస్తున్నట్టు ఉంటుంది కానీ ఆ ఒక్క క్షణంలో జరగాల్సిన పని జరిగిపోతుంది. ముడుచుకున్న ముందుకాళ్లు చాపి, ఆకును టపటపా డప్పు వాయించినట్టు కొడుతుంది. మన కంటికి అందనంత వేగం. స్లో మోషన్ వీడియోలో అయితే స్పష్టంగా కనిపిస్తుంది. పాదం అడుగున చిన్న ముళ్లు, వాటి పక్కనే రుచి తెలుసుకునే సన్నని రోమాలు ఉంటాయి. ముళ్లు గీసుకున్న చోట ఆకు రసం ఆ రోమాలకు తగులుతుంది. ఇది నా పిల్లలు తినే మొక్కేనా అన్న ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుంది. పొరపాటు జరిగితే గుడ్డులోంచి బయటికొచ్చిన గొంగళిపురుగు ఆకలితో చచ్చిపోతుంది కాబట్టి ఈ పరీక్ష చిన్న విషయం కాదు.

ఈ తేడా జన్యువుల్లో కూడా కనిపిస్తుంది. కృష్ణకమలం కోవకు చెందిన తీగల మీద గుడ్లు పెట్టే హెలికోనియస్ మెల్పోమెనె అనే అమెరికా ఖండపు సీతాకోకచిలుక మీద 2013లో ఒక పరిశోధన వచ్చింది. రుచి పసిగట్టే జన్యువులు మగవాటి కాళ్లలో కంటే ఆడవాటి కాళ్లలో ఎక్కువ సంఖ్యలో పనిచేస్తున్నాయని అందులో తేలింది. నడక పోయిన కాలు ఆడదానికి నాలుకగా మిగిలిందన్నమాట.

కాళ్లు చూసి కుటుంబం చెప్పేయవచ్చా

దాదాపుగా చెప్పవచ్చు. పూర్తిగా మాత్రం కాదు. చిక్కంతా ఆ 'దాదాపు' దగ్గరే ఉంది.

సీతాకోకచిలుకల కుటుంబాలన్నిటినీ పక్కపక్కన పెడితే ముందుకాళ్లు మెట్లు మెట్లుగా కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. పొడుగు తోకల స్వాలోటెయిల్స్, తెలుపు పసుపు రంగుల పియరిడే, స్కిప్పర్లు, ఇవన్నీ ఆరు కాళ్లతోనూ నడుస్తాయి. చిన్న నీలి సీతాకోకచిలుకలుండే లైసీనిడేలో మగవాటి ముందు పాదం ముక్కలు కలిసిపోయినా, ఆ కాలితోనే నడుస్తాయి. మెటల్‌మార్క్స్ అని పిలిచే రియోడినిడేలో మగవి నాలుగు కాళ్లతో, ఆడవి ఆరు కాళ్లతో నడుస్తాయి. నింఫాలిడేలో ఆడా మగా రెండూ నాలుగింటితోనే. డీఎన్‌ఏ ఆధారంగా గీసిన వంశవృక్షాల్లో లైసీనిడే, రియోడినిడే కలిసి నింఫాలిడేకు అతి దగ్గరి చుట్టాలుగా తేలాయి. కాళ్లు చెప్పే కథా, డీఎన్‌ఏ చెప్పే కథా ఇక్కడ చక్కగా కలుస్తున్నాయి.

ఇక మినహాయింపు చూడండి. తల ముందు ముక్కులా పొడుచుకొచ్చిన పాల్ప్స్ (నోటి పక్కన ఉండే జత అవయవాలు) ఉండే స్నౌట్ లేదా బీక్ సీతాకోకచిలుకలు కొన్ని ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద పదీ పన్నెండు జాతులే. వీటిలో మగవాటికి కుంచెకాళ్లు ఉంటాయి కానీ ఆడవి మాత్రం ఆరు కాళ్లతో హాయిగా నడుస్తాయి. మరి ఇవి కుంచెకాళ్ల కుటుంబమేనా? కాళ్లనే నిర్వచనంగా తీసుకుంటే ఆడ స్నౌట్ బయటికి పోవాలి, మగ స్నౌట్ లోపలుండాలి. భార్యది ఒక కుటుంబం, భర్తది ఇంకో కుటుంబం అన్నట్టు అవుతుంది.

అందుకే శాస్త్రవేత్తలు ఒక్క లక్షణం మీదే ఆధారపడరు. నింఫాలిడేకు ఇంకో గట్టి గుర్తు మీసాల అడుగున ఉంటుంది. లెన్సుతో చూస్తే మీసం పొడవునా మూడు సన్నని గట్లు, వాటి మధ్య రెండు కాలువలు కనిపిస్తాయి. స్నౌట్‌లకు కూడా ఈ గట్లు ఉన్నాయి.

మూడో గుర్తు ప్యూపా, అంటే గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే మధ్య దశ, వేలాడే తీరు. స్వాలోటెయిల్స్, పియరిడే ప్యూపాలు తోక దగ్గర ఒక ఆధారంతో పాటు నడుముకు పట్టుదారంతో ఒక పట్టీ కట్టుకుంటాయి. నింఫాలిడే ప్యూపాకు ఆ పట్టీ ఉండదు. తోక చివరి కొక్కేల మీదే తలకిందులుగా వేలాడుతుంది. ఇది తయారయ్యే క్షణం చూస్తే ఊపిరి బిగపట్టాల్సిందే. గొంగళిపురుగు ముందుగా ఒక కొమ్మకు పట్టుతో చిన్న గుండీలాంటి మెత్త అల్లి, దానికి వెనక కాళ్లు తగిలించి తలకిందులుగా వేలాడుతుంది. కొన్ని గంటల తర్వాత తల వెనక చర్మం చిట్లుతుంది. లోపలి ప్యూపా మెలికలు తిరుగుతూ ఆ చర్మాన్ని పైకి, పైపైకి తోస్తుంది. చివరికి చర్మమంతా ముడతలుపడి కొమ్మ దగ్గర చేరుతుంది. ఇప్పుడు తోక కొక్కేలను ఆ చర్మంలోంచి బయటికి లాగి పట్టు గుండీలో గుచ్చుకోవాలి. పట్టుకోవడానికి చేతులు లేవు, కాళ్లు లేవు. ఆ కొద్ది క్షణాలూ తను విడిచిన చర్మాన్నే పొట్ట ఖండాల మధ్య నొక్కిపట్టి వేలాడుతుంది. కొక్కెం తగిలాక గిరగిరా తిరిగి గట్టిగా బిగించుకుంటుంది. తర్వాత పాత చర్మం రాలిపోతుంది.

కొన్నిటి ప్యూపాలకు బంగారు చుక్కలుంటాయి. గన్నేరు ఆకులు తినే కామన్ క్రో ప్యూపా అయితే అద్దంలా తళతళ మెరుస్తుంది. లోహం ఏమీ లేదు. ప్యూపా పెంకులోని పలుచని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వెలుతురును అలా తిప్పికొడతాయి. ప్యూపాను క్రిసాలిస్ అనడానికి మూలం బంగారం అనే అర్థమున్న గ్రీకు మాటే.

పేరు చివర మారిన ఒక్క అక్షరం

ఇప్పుడు డనాయిడే, డనాయినే సంగతి. జంతువుల పేర్లకు ఒక పద్ధతి ఉంది. కుటుంబం పేరు 'ఇడే'తో ముగుస్తుంది, ఉపకుటుంబం పేరు 'ఇనే'తో, దాని కింద వచ్చే తెగ పేరు 'ఇనీ'తో. డనాయిడే అంటే ఆ గుంపు ఒక స్వతంత్ర కుటుంబం. డనాయినే అంటే అదే గుంపు ఒక పెద్ద కుటుంబంలో భాగం. గుంపులోని సభ్యులు ఇంచుమించు వాళ్లే. మారింది హోదా.

ఈ మార్పు వెనక 250 ఏళ్లకు పైబడిన కథ ఉంది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ పగటి సీతాకోకచిలుకలన్నిటినీ పాపిలియో అనే ఒకే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) పెట్టాడు. తర్వాత గ్రీకు పురాణాల పేర్లతో గుంపులు చేశాడు. వాటిలో ఒకటి నింఫాలెస్. నింఫాలిడే పేరుకు మూలం ఇదే. నింఫాలెస్‌ను రెక్కల మీద కళ్లలాంటి మచ్చలున్నవి, లేనివి అని మళ్లీ రెండుగా విడదీశాడు. ఉత్తర అమెరికాలో కనిపించే మోనార్క్‌నూ, ప్లెయిన్ టైగర్‌నూ మాత్రం ఈ గుంపులో పెట్టలేదు. తెల్లటి పియరిడే సీతాకోకచిలుకలున్న డనాయ్ గుంపులో చేర్చాడు. రెక్కల రూపం చూసి చేసిన పంపకం అది. ఆ కాలానికి చేతిలో ఉన్న ఆధారం రెక్కలే కాబట్టి ఆయన్ని తప్పుపట్టనక్కర్లేదు.

నింఫాలిడే అనే కుటుంబం పేరు 1815లో ప్రకృతి శాస్త్రవేత్త రఫినెస్క్ పెట్టాడు. ఆ తర్వాత దేశదేశాల నుంచి వేల నమూనాలు మ్యూజియంలకు చేరేకొద్దీ గుంపులు పెరిగాయి. డనాయిడే, సాటిరిడే, మోర్ఫిడే, అమథూసిడే, హెలికోనిడే, అక్రేడే, లిబిథీడే, ఇలా ఒక్కోదాన్ని ఒక్కో కుటుంబంగా లెక్కపెట్టారు. 20వ శతాబ్దం మధ్య దాకా వచ్చిన చాలా పుస్తకాల్లో ఈ పేర్లే ఉంటాయి.

1958లో పాల్ ఎర్లిక్ అనే అమెరికా శాస్త్రవేత్త సీతాకోకచిలుకల శరీర నిర్మాణాన్ని ఒక్కో భాగం పోల్చి చూసి, వీటిలో చాలావాటిని నింఫాలిడే అనే ఒకే గూటికి చేర్చాడు. స్నౌట్‌లను మాత్రం విడి కుటుంబంగానే ఉంచాడు. తర్వాత డీఎన్‌ఏ వచ్చింది. నిక్లాస్ వాల్‌బర్గ్ బృందం 2009లో దాదాపు 400 ప్రజాతులను పోల్చి గీసిన వంశవృక్షం ఇప్పటి వర్గీకరణకు పెద్ద ఆధారం. అందులో స్నౌట్‌లు కూడా నింఫాలిడే చెట్టులోనే ఉన్నాయి, అయితే అందరికంటే ముందు చీలిన కొమ్మగా.

పన్నెండు ఉపకుటుంబాలు

సీతాకోకచిలుక జాతులు ప్రపంచంలో సుమారు 19,000. వాటిలో దాదాపు 6,000 నింఫాలిడే. అంటే ఇంచుమించు మూడింట ఒకటి. ఇంత పెద్ద కుటుంబాన్ని ఇప్పుడు ఎక్కువమంది 12 ఉపకుటుంబాలుగా చూస్తున్నారు. అవి సమానమైన వాటాలు అనుకోవద్దు. కాలినాగినేలో ఉన్నది ఒకే ఒక్క ప్రజాతి. సాటిరినేలో 2,500కు పైగా జాతులు.

చెట్టు మొదట్లో చీలినవి లిబిథీనే, అంటే స్నౌట్‌లు. తర్వాత చీలినవి డనాయినే. టైగర్లు, క్రోలు, మోనార్క్ ఇందులోవే. వీటి గొంగళిపురుగులకు వీపు మీద మెత్తని కొమ్ముల్లాంటి తీగలుంటాయి. చాలావాటి ఆహారం జిల్లేడు లాంటి పాలుగారే మొక్కలు. ఆ మొక్కల విషాన్ని ఒంట్లో దాచుకుని పక్షులకు చేదు అవుతాయి. మగవి పెద్దయ్యాక ఇంకో పని కూడా చేస్తాయి. గిలిగిచ్చ, నాగదంతి లాంటి మొక్కల ఎండిన భాగాల మీద గుంపులుగా చేరి ఆల్కలాయిడ్లు అనే చేదు రసాయనాలు పీల్చుకుంటాయి. పొట్ట చివర దాచుకున్న రోమాల కుచ్చుల ద్వారా వెదజల్లే ప్రేమ వాసనకు అదే ముడిసరుకు. అమెరికా ఖండాల్లోని గాజు రెక్కల సీతాకోకచిలుకలు కూడా ఈ ఉపకుటుంబంలోనివే. ఒకప్పుడు వాటిదీ విడి కుటుంబమే.

సాటిరినే వాళ్లది ఎక్కువగా గోధుమ రంగు, నీడ పట్టున బతుకు. గొంగళిపురుగులు గడ్డి, వరి, తాటి కుటుంబం మొక్కలు తింటాయి. తోక రెండుగా చీలి ఉంటుంది. నీలంగా మెరిసే మోర్ఫోలు కూడా ఇందులోనే చేరాయంటే మొదట నమ్మబుద్ధి కాదు. చాలా సాటిరినే జాతుల్లో ముందు రెక్క మొదట్లో ఈనె బుడగలా ఉబ్బి ఉంటుంది. కామన్ వుడ్ నింఫ్ మీద చేసిన ప్రయోగాల్లో ఆ ఉబ్బు తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు వినడానికి తోడ్పడుతున్నట్టు తేలింది. అవును, వీటికి చెవులు రెక్కల మొదట్లో ఉంటాయి.

బలంగా, వేగంగా ఎగిరే చరాక్సినే పువ్వుల కంటే చెట్ల రసం, కుళ్లిన పండ్లు ఇష్టపడతాయి. వాటి గొంగళిపురుగు తలకు కిరీటంలా కొమ్ములుంటాయి. హెలికోనినే, లిమెనిటిడినే దగ్గరి చుట్టాలు. మిగిలిన అయిదూ, అంటే బిబ్లిడినే, అపాటురినే, సైరెస్టినే, సూడర్గోలినే, నింఫాలినే ఒక గుంపు. వీటిలో బిబ్లిడినేకు చెందిన క్రాకర్ సీతాకోకచిలుకలు ఎగిరేటప్పుడు రెక్కలతో టిక్ టిక్ అని శబ్దం చేస్తాయి.

నింఫాలినేలోని పెయింటెడ్ లేడీ గురించి మాత్రం ఆగి చెప్పుకోవాలి. 2013 అక్టోబరులో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా సముద్రతీరం ఇసుకలో, చిరిగిన రెక్కలతో ఈ సీతాకోకచిలుకలు కొన్ని కనిపించాయి. ఈ జాతి అక్కడ ఉండదు. వాటి జన్యువులు, ఒంటికి అంటిన పుప్పొడి, రెక్కల్లోని ఐసోటోపులు (ఒకే మూలకానికి చెందిన వేరువేరు బరువుల పరమాణువులు), అప్పటి గాలుల దిశ అన్నీ పరిశీలించి, అవి పశ్చిమ ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ సముద్రం దాటి వచ్చాయని 2024లో ప్రచురించారు. కనీసం 4,200 కిలోమీటర్లు, అయిదు నుంచి ఎనిమిది రోజుల ప్రయాణం. ఒక గ్రాము కూడా తూగని ప్రాణి అది.

విడదీయాలా, కలిపి ఉంచాలా

ఇంత తేడాలున్న గుంపులను ఒకే కుటుంబం అనడం అన్యాయం కాదా? ఇలా అనేవాళ్ల వాదనలో బలం ఉంది. మోర్ఫోకూ, ప్లెయిన్ టైగర్‌కూ, స్నౌట్‌కూ ఉన్న తేడా పైకే కనిపిస్తుంది. పైగా కుటుంబం, ఉపకుటుంబం అనే హోదాలకు ప్రకృతిలో కొలబద్ద లేదు, అవి మనం గీసుకున్న గీతలు. విడి కుటుంబాలుగా ఉంటే గుర్తుపెట్టుకోవడం, మాట్లాడుకోవడం సులభం అంటారు.

కలిపి ఉంచాలనేవాళ్లు ఒకే షరతు పెడతారు. ఏ గుంపుకు పేరు పెట్టినా అందులో ఒక పూర్వికుడి సంతానమంతా ఉండాలి, సగం పిల్లల్ని బయట పెట్టి మిగతా సగానికి ఇంటిపేరు ఇవ్వకూడదు. ఈ షరతును ఒక ఉదాహరణతో పరీక్షిద్దాం.

చెట్టు ఇలా ఉందనుకోండి. మొదట స్నౌట్‌లు చీలాయి. మిగిలిన వాటిలోంచి డనాయినే చీలింది. ఆ తర్వాత మిగిలినవి రెండు పెద్ద కొమ్మలయ్యాయి. ఒక కొమ్మలో సాటిరినే, చరాక్సినే, కాలినాగినే. రెండో కొమ్మలో మిగతావన్నీ. ఇప్పుడు డనాయినేను ఒక్కదాన్నే డనాయిడే కుటుంబంగా పైకి తీశామనుకుందాం. నింఫాలిడేలో స్నౌట్‌లు, పెద్ద కొమ్మలు రెండూ మిగిలాయి. కానీ ఆ పెద్ద కొమ్మలకు స్నౌట్‌ల కంటే డనాయిడేనే దగ్గరి చుట్టం. దగ్గరి చుట్టాన్ని బయటికి పంపి దూరపు చుట్టాన్ని ఇంట్లో ఉంచుకున్నట్టయింది. షరతు తప్పింది. కాబట్టి డనాయిడే విడి కుటుంబమైతే స్నౌట్‌లు కూడా విడి కుటుంబం కావాలి. సాటిరిడేను కూడా విడదీయాలంటే ఈ రెండూ ముందే విడిపోయి ఉండాలి, పైగా సాటిరిడే తనతో పాటు చరాక్సినేనూ, కాలినాగినేనూ తీసుకెళ్లాలి. అలా లిబిథీడే, డనాయిడే, సాటిరిడే, నింఫాలిడే అని నాలుగు కుటుంబాలు చేస్తే షరతు తప్పదు. అంటే విడదీయడం అసాధ్యం కాదు, నచ్చిన ఒక్కదాన్ని మాత్రం ఊడదీయడం కుదరదు. పాత పుస్తకాల్లోని పంపకం ఈ పరీక్షలో నిలబడలేదు.

రెండు పద్ధతులూ షరతుకు లోబడి చేసినప్పుడు నేను ఒకే పెద్ద కుటుంబం వైపే మొగ్గుతాను. మీసాల కింది మూడు గట్లు, కుంచించుకుపోయిన ముందుకాళ్లు, ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో ఆ ఒక్క పేరు చెబుతుంది. కాకపోతే పాత పుస్తకంలో డనాయిడే అని చూసి, రాసినవాళ్లకు తెలియదనుకోవడం పొరపాటు. వాళ్లు చెప్పిన గుంపు నిజమే.

ఒకేలా ఉండే రెండు

రెక్కలను నమ్మితే ఏమవుతుందో చూపడానికి ప్లెయిన్ టైగర్ కంటే మంచి ఉదాహరణ లేదు. నారింజ రెక్కలు, ముందు రెక్క కొసన నలుపు, ఆ నలుపు మీద తెల్లటి పట్టీ. అచ్చం ఇదే రూపంలో డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది ఉంటుంది. పేరులో డనాయిడ్ ఉన్నా అది డనాయినే కాదు, నింఫాలినే. దాని మగది చూస్తే ఒకే జాతి అనుకోరు. నల్లని రెక్కలు, వాటి మీద నీలి మెరుపు అంచున్న పెద్ద తెల్లమచ్చలు.

రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు కన్ను వెనక రెక్క మీద నిలపాలి. ప్లెయిన్ టైగర్‌కు వెనక రెక్క మధ్యలో మూడో నాలుగో నల్ల చుక్కలుంటాయి. ఎగ్‌ఫ్లై ఆడదానికి వెనక రెక్క పై అంచు దగ్గర ఒక్కటే. గొంగళిపురుగుల దశకు వెళితే అనుమానమే ఉండదు. ఒకటి జిల్లేడు ఆకు మీద నున్నగా, చారలతో, మూడు జతల మెత్తని తీగలతో ఉంటుంది. ఇంకోటి గంగవాయిలి ఆకు మీద ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. రుచిగా ఉండే ఎగ్‌ఫ్లై, చేదుగా ఉండే టైగర్ వేషం వేసి పక్షుల నుంచి తప్పించుకుంటుంది. ఈ రకం అనుకరణను 1862లో హెన్రీ బేట్స్ అమెజాన్ సీతాకోకచిలుకల ఆధారంగా వివరించాడు.

ఉత్తర అమెరికాలో మోనార్క్, వైస్రాయ్ జంట కూడా ఇలాంటిదేనని దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు రాశాయి. వైస్రాయ్ లిమెనిటిడినేకు చెందింది. 1991లో ఇద్దరు పరిశోధకులు రెక్కలు తీసేసి ఒట్టి పొట్ట భాగాలను మాత్రమే పక్షులకు పెట్టారు. రెక్కలు లేవు కాబట్టి పక్షులకు రంగు చూసి మోసపోయే వీలు లేదు. వైస్రాయ్ పొట్టను కూడా మోనార్క్ పొట్టలాగే వద్దన్నాయి. వైస్రాయ్ కూడా చేదే. రెండు చేదు జాతులు ఒకే యూనిఫాం వేసుకుని, పక్షులకు పాఠం నేర్పే ఖర్చును పంచుకుంటున్నాయన్నమాట. ఫ్రిట్జ్ ముల్లర్ 19వ శతాబ్దంలో చెప్పిన రెండో రకం అనుకరణ ఇది.

రెండుగా కనిపించే ఒకటి

దీనికి పూర్తిగా ఎదురు కథ కూడా ఉంది. 1758లో లినేయస్ యూరప్ సీతాకోకచిలుకలు రెండింటికి వేరువేరు పేర్లు పెట్టాడు. ఒకటి లెవానా, నారింజ రంగు మీద నల్ల మచ్చలు. రెండోది ప్రోర్సా, నల్లటి రెక్కల మీద తెల్ల పట్టీ. తర్వాత తెలిసిందేమంటే రెండూ ఒకే జాతి. వసంతంలో పుట్టేది ఒక వేషం, దాని పిల్లలు వేసవిలో పుట్టి ఇంకో వేషం. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు పగటి పొడవు ఎంతన్నదే వేషాన్ని నిర్ణయిస్తుంది. పగళ్లు పొడుగైతే ప్రోర్సా. పగళ్లు కురచైతే ప్యూపాగా చలికాలం గడిపి లెవానా. ఒకే తల్లి పిల్లలను రెండు జాతులుగా రాసుకున్నాం. ఇప్పుడు రెండింటికీ ఉన్న పేరు అరాష్నియా లెవానా.

వేడి దేశాల్లో ఇదే పని వానాకాలం, ఎండాకాలం చేస్తాయి. పీకాక్ పాన్సీ, కామన్ ఈవినింగ్ బ్రౌన్ వానాకాలంలో రెక్కల అడుగున కళ్లలాంటి మచ్చలతో ఉంటాయి. ఎండాకాలం వచ్చేసరికి ఆ మచ్చలు మాయమై, ఈనెతో సహా ఎండుటాకులా తయారవుతాయి. రెక్క అంచు ఆకారం కూడా మారుతుంది. ఆకులు రాలిన నేల మీద కదలకుండా కూర్చోవడానికి అదే సరైన దుస్తులు.

రాతి మీద మిగిలిన రెక్కలు

2009 వంశవృక్షం లెక్క ప్రకారం నింఫాలిడే మొదలై సుమారు 9 కోట్ల ఏళ్లయింది. 6.6 కోట్ల ఏళ్ల క్రితం డైనోసార్లను తుడిచిపెట్టిన ఉత్పాతం వీటినీ దెబ్బతీసింది. 10 నుంచి 12 వంశాలే బతికి బయటపడ్డాయని ఆ పరిశోధన అంచనా. ఇవాళ మనం చూసే 6,000 జాతులూ ఆ గుప్పెడు వంశాల నుంచి విస్తరించినవే. 2023లో అకితో కవహారా బృందం దాదాపు 2,300 జాతుల డీఎన్‌ఏతో ఇంకా పెద్ద చెట్టు గీసింది. సీతాకోకచిలుకలన్నిటి పుట్టుక సుమారు 10 కోట్ల ఏళ్ల క్రితం, అమెరికా ఖండాల్లో అని అది చెప్పింది.

ఈ లెక్కలకు ఊతం శిలాజాలు. సీతాకోకచిలుక రెక్క రాయి కావడం చాలా అరుదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, ఫ్లారిసెంట్ దగ్గర పురాతన సరస్సు అడుగున పేరుకున్న అగ్నిపర్వత బూడిదలో అలాంటివి కొన్ని దొరికాయి. షార్లెట్ హిల్ అనే మహిళ సేకరించిన ఒకదానికి 1878లో శామ్యూల్ స్కడర్ ప్రొడ్రియాస్ పెర్సెఫొనె అని పేరు పెట్టాడు. వయసు సుమారు 3.4 కోట్ల ఏళ్లు. రెక్కలు చాపి పడుకున్నట్టుంటుంది. ఈనెలే కాదు, రెక్కల మీది మచ్చల వరుసలు కూడా చెక్కు చెదరలేదు. దాన్ని కూడా నింఫాలిడేలోనే చేర్చారు. అదే ఫ్లారిసెంట్ రాళ్లలో స్నౌట్‌ల శిలాజాలు కూడా బయటపడ్డాయి.